వేడెక్కితేనే బయటపడే వాసన: సిగరెట్ పొగ పట్టిన ఒక సెకండ్‌హ్యాండ్ పీఎస్4 కేసు

మా రిపేరు షాపుకి వచ్చే సెకండ్‌హ్యాండ్ కన్సోళ్లలో (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్లలో) ఎక్కువ భాగం హెచ్‌డీఎంఐ పోర్టు విరిగినవో, వేడెక్కి ఆగిపోయేవో, డిస్క్ చదవనివో అయి ఉంటాయి. "వాసన వస్తోంది, పోగొట్టండి" అని వచ్చేవి తక్కువ. అలా వచ్చినా చాలాచోట్ల పైపైన తుడిచి ఇచ్చేస్తారు. అది రిపేరు కింద ఎవరూ లెక్కెయ్యరు. నా దృష్టిలో అది రిపేరే. ఒక పదార్థం మెషీన్ లోపల ఎక్కడో పేరుకుపోయింది. ఎక్కడుందో కనిపెట్టాలి, తీసెయ్యాలి. తీయడానికి వీల్లేని చోట ఆ భాగాన్నే మార్చాలి. ఈ కేసులో ఆ వెతుకులాట బాగా సాగింది కాబట్టి రాసి పెడుతున్నాను. కస్టమరు వివరాలు, ఏరియా కావాలనే వదిలేశాను. మెషీన్ వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

మెషీన్ 500 జీబీ పీఎస్4, అంటే సోనీ ప్లేస్టేషన్ 4, సీయూహెచ్-1200 సిరీస్. 2013లో వచ్చిన మొదటి డిజైన్‌కి 2015లో చేసిన సవరణ ఇది, తర్వాత వచ్చిన సన్నటి స్లిమ్ మోడల్ కాదు. దాంతోపాటు రెండు కంట్రోలర్లు, ఒక డజను దాకా గేమ్ డిస్కులు, వైర్లు, అన్నీ పెట్టుకునే ఒక గుడ్డ బ్యాగు. హైదరాబాద్‌లోనే ఒక బ్యాచిలర్ రూమ్ నుంచి కొన్నారు. ఆ రూములో ఉన్నవాళ్లందరికీ సిగరెట్ అలవాటు ఉందని, కన్సోల్ ఏళ్ల తరబడి టీవీ కింద అరలోనే ఉండేదని కొన్నాక తెలిసింది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు.

కొన్నది ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి కోసం. అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం, ఇన్‌హేలర్ వాడతాడు. షాపుకి వాళ్ల అమ్మగారు వచ్చారు. ఆవిడ మొదటి మాటే సూటిగా చెప్పారు: "బాబూ, ఇది బాగవుతుందంటేనే ఉంచుకుంటాం. కాదంటే ఇప్పుడే చెప్పు, ఎంతకో ఒకంతకి అమ్మేస్తా. వాడు ఆడేటప్పుడు దగ్గుతుంటే చూడలేకపోతున్నా."

ఆవిడకి రెండు విషయాలు చెప్పాను. ఉబ్బసం సంగతి డాక్టరు గారు చెప్పాలి, నేను చెప్పలేను. పని అయ్యేదాకా మాత్రం ఈ మెషీన్‌గానీ బ్యాగుగానీ బాబు పడుకునే గదిలో ఉండకూడదు. ఎందుకంటే సిగరెట్ ఆరిపోయాక కూడా దాని నికోటిన్, తారు వస్తువుల మీద అంటుకుని ఉంటాయి. అలా అంటుకున్న నికోటిన్, ఇంటి గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లుగా మారుతుందని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ పరిశోధకులు 2010లో చూపించారు. వంటింటి గ్యాస్ పొయ్యి మంట నుంచి కూడా ఆ నైట్రస్ ఆమ్లం వస్తుంది. ఆవిడని భయపెట్టడానికి కాదు, "వాసనే కదా, సర్దుకుపోదాం" అనుకోకూడదని చెప్పాను.

సమస్య ఎలా కనపడింది

ఆవిడ చెప్పిన వివరాల్లో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. మెషీన్ ఆపేసి ఉంటే వాసన దాదాపు ఉండదు. ఆన్ చేసిన పదిహేను ఇరవై నిమిషాలకి మొదలై, పెద్ద గేమ్ ఆడుతుంటే హాలంతా పరుచుకుంటుంది. వాన పడ్డ రోజు ఇంకా ఎక్కువ. కొనేటప్పుడు చల్లగా ఉన్న మెషీన్‌ని అయిదు నిమిషాలు ఆన్ చేసి చూశారు కాబట్టి ఏమీ తెలియలేదు. దీంతోపాటు అప్పుడప్పుడు డిస్క్ పెట్టగానే బయటికి తోసేస్తోంది. ఇది వేరే జబ్బని వాళ్లనుకున్నారు. నాకు రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయనిపించింది.

ఇంట్లో చేసి చూసినవి

అందరి ఇళ్లలో చేసేవే వీళ్లూ చేశారు. ఒక్కొక్కటీ ఎందుకు పనిచెయ్యలేదో చెప్పుకోవాలి, ఎందుకంటే వచ్చే కస్టమరల్లా ఇవే అడుగుతారు.

రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టారు. అది వాసన మీద ఇంకో వాసన వేస్తుంది, అంతే. పైగా ఆ స్ప్రేలో ఉండే సువాసన నూనెలు ప్లాస్టిక్ మీద జిగురు పొర వదులుతాయి, దానికి దుమ్ము అంటుకుంటుంది. తర్వాత ఆ పొరని కూడా నేనే తీయాల్సి వచ్చింది.

డాబా మీద ఎండలో పెట్టారు. ఎండకి వాసన తగ్గినట్టనిపించింది, ఇంట్లోకి తెచ్చాక మళ్లీ వచ్చింది. వేడికి పైపొరలో ఉన్నది కొంత ఆవిరైపోతుంది, లోపలిది లోపలే ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ మన ఎండాకాలంలో ఎంత వేడెక్కుతుందో చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. అందులో డిస్కులు కూడా ఉంటే వంగిపోయే ప్రమాదం ఉంది. ఈ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ప్లాస్టిక్ కవర్లో కర్పూరం బిళ్లలతో కట్టి ఉంచారు. రెండు రోజులు కర్పూరం వాసన, తర్వాత సిగరెట్ వాసన. ఆ తర్వాత ఇంట్లో పెద్దావిడ సాంబ్రాణి వేశారు. సాంబ్రాణి కూడా పొగే. బంక కాలిన పొగలోని జిడ్డు వెళ్లి అదే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కలు) మీద, అదే ఫ్యాన్ మీద కూర్చుంటుంది. మెషీన్ ఆన్‌లో ఉండగా వేస్తే మరీ ఘోరం, ఫ్యాన్ దాన్ని లోపలికి లాక్కుంటుంది.

చివరికి ఎవరో చెప్పారని వంటసోడా గాలి రంధ్రాల మీద చల్లి, బ్రష్‌తో దులిపారు. విప్పినప్పుడు మదర్‌బోర్డు అంచున, ఫ్యాన్ కింద ఆ తెల్లపొడి ఉండనే ఉంది. తేమ తగిలితే అది బోర్డు మీద కరెంటు దారి తప్పించగలదు, పిన్నుల్ని తినెయ్యగలదు. ఇక వాసన విషయానికొస్తే, వంటసోడా ఎక్కువగా పుల్లటి, అంటే ఆమ్ల గుణమున్న వాసనల మీద పనిచేస్తుంది. నికోటిన్ క్షారం, సోడా కూడా క్షారమే. పొగలో ఆమ్లాలూ ఉంటాయి కాబట్టి కాస్తో కూస్తో తగ్గుతుంది, అసలుది తగ్గదు.

ఓజోన్ మెషీన్ సంగతి కూడా అడిగారు. కార్లు శుభ్రం చేసేవాళ్ల దగ్గర ఉంటుంది కదా, ఒక గంట పెట్టిస్తే పోదా అని. నేను వద్దన్నాను. ఓజోన్ రబ్బరుని పగలగొడుతుంది. ఈ డ్రైవ్‌లో డిస్క్‌ని లోపలికి లాగేవి రబ్బరు రోలర్లే, అవి ఇప్పటికే ఇబ్బందిలో ఉన్నాయి. తారు పేరుకుపోయిన చోట అది పైపొరని తాకుతుందే తప్ప మొత్తాన్ని తీసెయ్యదు. అదీగాక, పీల్చితే ఊపిరితిత్తులకి చెడ్డ వాయువు అది. ఉబ్బసం ఉన్న పిల్లాడి వస్తువు మీద వాడాలని నాకనిపించలేదు.

మొదటి నిర్ణయం: వాసన ఎక్కడుందో ముందు తేల్చుకోవడం

శుభ్రం చెయ్యడం మొదలుపెట్టే ముందు అన్నీ విడదీసి స్టీలు డబ్బాల్లో పెట్టాను. ప్లాస్టిక్ డబ్బా తనే వాసన పీల్చుకుంటుంది, అందుకే స్టీలు. కంట్రోలర్ ఒక డబ్బాలో, వైర్లు ఒక దాంట్లో, ఒక డిస్క్ దాని కేసు లేకుండా, ఒక ఖాళీ కేసు, ఒక కవర్ కాగితం, ఇలా వేటికవే. మూతలు బిగించి రాత్రంతా ఉంచి, పొద్దున షాపు తెరవగానే ఇంకేమీ ముట్టుకోకముందే ఒక్కొక్క మూత తీసి వాసన చూశాను. మధ్యాహ్నానికల్లా ముక్కు అలవాటు పడిపోతుంది, అప్పుడు దాని మాట నమ్మలేం. అందుకే పక్క షాపతన్ని కూడా పిలిచాను. అతనికి సిగరెట్ అలవాటు లేదు, ఈ మెషీన్ గురించి ఏమీ తెలియదు.

కంట్రోలర్లు ఘాటుగా ఉన్నాయి. వైర్ల డబ్బా అంతకంటే ఘాటు. వైర్ల మీద ఉండే మెత్తటి పీవీసీ తొడుగులో, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె గుణమున్న ప్లాస్టిసైజర్ ఉంటుంది, అది పొగలోని పదార్థాల్ని లోపలికంటా పీల్చుకుంటుంది. గేమ్ కేసు, అందులోని కాగితం కూడా గట్టిగానే ఉన్నాయి. డిస్క్ ఒక్కదాన్ని పెట్టిన డబ్బాలో మాత్రం దాదాపు ఏమీ లేదు. అప్పటిదాకా "డిస్కులు కంపు కొడుతున్నాయి" అనుకుంటున్నవాళ్లకి ఇది కొత్త విషయం. డిస్క్ గట్టి పాలికార్బనేట్, పైన గట్టి పూత, పొగ దాని ఉపరితలం దాటి వెళ్లలేదు. కంపు కొట్టేది కేసూ కాగితమే. శుభ్రం చేసిన డిస్క్‌ని మళ్లీ అదే కేసులో పెడితే పని మొదటికొస్తుంది.

కన్సోల్ భాగాల్లో పై తొడుగు ఓ మోస్తరు, ఫ్యాన్ ఎక్కువ, మదర్‌బోర్డు తక్కువ, పవర్ సప్లై తక్కువ. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

లోపల ఏముంది

వెనక స్క్రూల మీది స్టిక్కర్లు అప్పటికే చిరిగి ఉన్నాయి. ఇంతకుముందు ఎవరో తెరిచారు. కింది తొడుగు తీసి పవర్ సప్లై పైకెత్తితే ఫ్యాన్ కనపడుతుంది. మామూలు దుమ్ము పొడిగా ఉంటుంది, బ్లోయర్ పెడితే లేచిపోతుంది. ఇక్కడ ఫ్యాన్ రెక్కల అంచుల మీద, హీట్‌సింక్ సందుల ముందు గోధుమరంగులో ఒక మందపాటి పొర, వేలితో నొక్కితే అంటుకుంటోంది. బ్లోయర్‌కి కదల్లేదు. తారు దుమ్ముని పట్టుకుని బిగిసిపోయింది. హీట్‌సింక్ రెక్కల మధ్య ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో) ముంచిన దూది బడ్‌ని ఒక్కసారి లాగితే టీ డికాషన్ రంగులో బయటికొచ్చింది. పక్క సందులో ఇంకో బడ్, అదే రంగు.

డ్రైవ్ తెరిస్తే అనుమానం నిజమైంది. రబ్బరు రోలర్ల మీద నున్నటి పసుపు పొర ఉంది, డిస్క్ దాని మీద జారిపోతోంది. లేజర్ కటకం మీద కూడా మసక. డిస్క్ తోసెయ్యడానికి కారణం అదే. డ్రైవ్‌ని మార్చాల్సిన అవసరం కనపడలేదు. శుభ్రం చేస్తే చాలనుకున్నాను, కానీ జాగ్రత్తగా చెయ్యాలి. రోలర్లని ఐపీఏ కాస్త తడి చేసిన మెత్తటి గుడ్డతో తిప్పుతూ తుడిచాను. కటకం మీద ఒక్క బడ్, నొక్కకుండా, ఒకే దిశలో.

పని జరిగిన తీరు

తొడుగు ప్లాస్టిక్‌కి రెండు దశలు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో తొడుగు భాగాల్ని నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో సందులన్నీ రుద్దాను. తారు జిడ్డు, దానికి సబ్బే కావాలి. ఆ పొర పోయాక తెల్ల వెనిగర్‌ని సగానికి సగం నీళ్లు కలిపి తుడిచాను. నికోటిన్ క్షారం అన్నాను కదా, ఆమ్లం తగిలితే అది లవణంగా మారుతుంది. అప్పుడు గాల్లోకి లేవదు, నీళ్లలో కరిగి కొట్టుకుపోతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టాను. ఈ వరస మార్చితే జిడ్డు పొర కింద ఉన్న నికోటిన్‌కి వెనిగర్ తగలదు. వెనిగర్ ప్లాస్టిక్ వరకే. లోపలి ఇనుప షీల్డుకి తగిలితే తుప్పు పడుతుంది.

ప్లాస్టిక్‌కి నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్ వద్దే వద్దు, ఈ రకం ప్లాస్టిక్‌ని అది కరిగిస్తుంది. అలాగే హీట్‌సింక్ అల్యూమినియం కాబట్టి బట్టల సోడా గానీ ఘాటు క్షారాలు గానీ వాడకూడదు. ప్రాసెసర్ నుంచి విడదీసి సబ్బునీళ్లు, బ్రష్, ఆపైన ఐపీఏ, అంతే. బోర్డు మీద వంటసోడా పొడిని ముందు పొడి బ్రష్‌తో తీసి, మిగిలిన చోట్ల 99 శాతం ఐపీఏతో తుడిచాను. 70 శాతం దాంట్లో నీళ్లెక్కువ, బోర్డు పనికి నేను వాడను. చిప్పుల వేడిని హీట్‌సింక్‌కి, షీల్డుకి అందించే థర్మల్ పేస్టు, థర్మల్ ప్యాడ్లు కొత్తవి వేశాను. ప్యాడ్లు మెత్తటి సిలికోన్, అవి కూడా వాసన పట్టేవే. గాలి పక్కదారి పట్టకుండా అతికించిన స్పాంజి పట్టీలు పీకేసి కొత్తవి వేశాను. స్పాంజిని కడిగి వాసన పోగొట్టడం నా అనుభవంలో జరగని పని.

ఫ్యాన్‌ని మార్చనా, కడగనా అని కాసేపు ఆలోచించాను. కొత్తవని అమ్మే వాటిలో చాలావరకు నకళ్లు, కొద్ది నెలలకే శబ్దం మొదలవుతుంది. పాత ఒరిజినల్ ఫ్యాన్ గట్టి ప్లాస్టిక్, బేరింగ్ బాగుంది. మోటారుకి తడి తగలకుండా రెక్కల్ని ఒక్కొక్కటిగా ఐపీఏతో తుడిచి అదే ఉంచాను. గట్టి ప్లాస్టిక్, లోహం, గాజు అయితే శుభ్రం చెయ్యడం. స్పాంజి, మెత్తటి రబ్బరు, గుడ్డ, కాగితం అయితే మార్చడం. ఈ కేసంతా నేను పట్టుకున్న గీత ఇదే.

కంట్రోలర్లు కూడా అదే గీత మీద నడిచాయి. ఒకదానికి ఎవరో సిలికోన్ తొడుగు వేశారు. తొడుగు చెత్తబుట్టలోకి పోయింది, దాని కింద కంట్రోలర్ అనుకున్నంత పాడవలేదు. రెండింటి తొడుగుల్నీ కడిగి, స్టిక్‌ల మీది రబ్బరు టోపీలు మార్చాను. డ్యూయల్‌షాక్ 4 (పీఎస్4 కంట్రోలర్ పేరు అదే) లోపల, బటన్ల ఫిల్మ్‌ని బోర్డుకి అదిమి పట్టుకునే చిన్న స్పాంజి ముక్క ఒకటి ఉంటుంది. కంటికి ఆనదు, కానీ చేతుల వేడికి వాసన వదిలే చోటు అది. అది కూడా కొత్తది. వైర్లు రెండూ పడేసి కొత్తవి ఇచ్చాను. హెచ్‌డీఎంఐ, పవర్ వైర్లు కడిగి బాగు చేసే ఖర్చుతో కొత్తవే వస్తాయి. గుడ్డ బ్యాగుని ఇంట్లోంచే తీసెయ్యమని చెప్పాను.

డిస్కులకి పెద్ద పని లేదు, కానీ జాగ్రత్త కావాలి. పీఎస్4 గేములు బ్లూరే డిస్కుల మీద వస్తాయి. బ్లూరేలో సమాచారం ఉండే పొర అడుగు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో అది 0.6. గరుకు గుడ్డతో రుద్దితే నష్టం ఎక్కువ. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, కొద్దిగా ఐపీఏ, మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా కాదు. బొమ్మ వేసిన వైపు పొడి గుడ్డే.

కేసులు కొత్తవి కొనమన్నాను. కాగితాల దగ్గర అబ్బాయి ఒప్పుకోలేదు. "అంకుల్, కవర్లు పడేస్తే అవి గేముల్లాగే ఉండవు" అన్నాడు. వాడి మాటా కాదనలేం. కవర్ కాగితాల్ని విడివిడిగా, ఒకదానికొకటి అంటుకోకుండా, వాసన పీల్చే యాక్టివేటెడ్ చార్కోల్ (బొగ్గు) పొట్లాలున్న పెట్టెలో పెట్టి వారాల తరబడి ఉంచాను. తగ్గింది, పూర్తిగా పోలేదు. కాగితాన్ని తడపలేం, రసాయనాలు వాడలేం. చివరికి ఆ కాగితాల్ని స్కాన్ చేయించి, కలర్ ప్రింట్లు తీయించి కొత్త కేసుల్లో పెట్టాం. అసలువి జిప్ కవర్లో కట్టి ఇంట్లో వేరేచోట దాచుకున్నారు. అబ్బాయి సంతోషంగానే ఒప్పుకున్నాడు.

మళ్లీ వచ్చింది

అన్నీ బిగించి ఆన్ చేస్తే డిస్క్ చక్కగా తీసుకుంటోంది, వాసన లేదు. మెనూ మీద అరగంట ఉంచినా లేదు. పెద్ద గేమ్ పెట్టి నడిపిస్తే, ముప్పావు గంట దగ్గర వెనక వైపు నుంచి సన్నగా అదే వాసన. ముందు కంటే చాలా తక్కువే, కానీ ఉంది. పక్క షాపతను కూడా "ఏదో కాలిన సిగరెట్ వాసనలా ఉంది" అన్నాడు.

ఇక్కడ ఆపేసి, "చాలావరకు పోయింది, మిగతాది వాడగా వాడగా పోతుంది" అని ఇచ్చెయ్యొచ్చు. ఉబ్బసం ఉన్న ఇంటికి ఇస్తున్నాను కాబట్టి అలా ఇవ్వదలచుకోలేదు. గాలి దారి గురించి ఆలోచించాను. ఈ మెషీన్‌లో ఫ్యాన్ గాలిని లాగి హీట్‌సింక్ మీదుగా తోస్తుంది, ఆ వేడి గాలి పవర్ సప్లై డబ్బా లోపల నుంచి వెళ్లి వెనక బయటపడుతుంది. అంటే ఏళ్ల తరబడి ఆ గదిలోని పొగంతా ఆఖరున పవర్ సప్లైలోంచే పోయింది. స్టీలు డబ్బా పరీక్షలో అది తక్కువ వాసన చూపడానికి కారణం, అప్పుడది చల్లగా ఉంది. తారులోని బరువైన పదార్థాలు చల్లగా ఉంటే లేవవు, వేడి తగిలితేనే లేస్తాయి. మెనూ మీద ఉన్నప్పుడు లోడు తక్కువ, పవర్ సప్లై అంతగా వేడెక్కదు. గేమ్ నడిస్తే వేడెక్కుతుంది. లక్షణం సరిగ్గా అతికింది.

అనుమానం నిజమో కాదో చూడ్డానికి పవర్ సప్లైని విడిగా తీసి, గుడ్డ మీద పెట్టి, వేడి గాలి ఊదే హాట్ ఎయిర్ గన్‌ని బాగా తక్కువ వేడికి పెట్టి దూరం నుంచి డబ్బా రంధ్రాల్లోకి గాలి పంపాను. కొద్ది నిమిషాల్లోనే వాసన ఘాటుగా వచ్చింది. ఇక అనుమానం లేదు.

అప్పుడు రెండు దార్లు కనపడ్డాయి. డబ్బా విప్పి బోర్డుని కడగడం ఒకటి, పవర్ సప్లైనే మార్చడం ఇంకొకటి. కడగడానికి చెయ్యి ఆడుతుంది నాకు, కానీ వద్దనుకున్నాను. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారాక పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీసినా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. దాన్ని డిస్‌చార్జ్ చేసి పనిచెయ్యడం మాకు అలవాటే. అసలు ఇబ్బంది వేరు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే టేపు, భాగాల్ని కదలకుండా పట్టుకునే మెత్తటి గమ్ము, ఇన్సులేషన్ షీట్లు, ఇవన్నీ నేను పైన చెప్పిన గీతకి అవతలి వైపువి. కడిగినా వాసన పూర్తిగా పోదు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ కింద ద్రవం ఎక్కడో నిలిచిపోతే, పిల్లాడు రోజూ ముట్టుకునే వస్తువులో అది ఉండటం నాకిష్టం లేదు. ఇళ్లలో ఎవరైనా సొంతంగా ఈ పని చేసుకుంటుంటే, పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి.

మదర్‌బోర్డు చచ్చిపోయి పక్కన పెట్టిన ఇంకో పీఎస్4 షాపులో ఉంది. దాని పవర్ సప్లై తీశాను. పీఎస్4 పవర్ సప్లైల్లో నాలుగు పిన్నులవీ ఉన్నాయి, అయిదు పిన్నులవీ ఉన్నాయి, మోడల్ చూసుకోకుండా పెట్టడానికి కుదరదు. ఇది సరిపోయే నాలుగు పిన్నులదే. పెట్టే ముందు దాన్నీ అదే హాట్ ఎయిర్ పరీక్షకి పెట్టాను. పాత దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు.

ఫలితం

మార్చాక పెద్ద గేమ్ పెట్టి సాయంత్రమంతా నడిపించాను. బయట ముసురు పట్టి ఉంది. తేమ ఎక్కువున్నప్పుడు పొగ వాసన బాగా బయటపడుతుంది కాబట్టి పరీక్షకి అంతకంటే మంచి రోజు దొరకదు. షట్టరు సగం దించి, మెషీన్ వెనక వైపు ముక్కు పెట్టి చూశాం, నేనూ పక్క షాపతనూ. వాసన లేదు. మర్నాడు పొద్దున తాజా ముక్కుతో ఇంకోసారి చూశాకే అమ్మగారికి ఫోన్ చేశాను.

ఇచ్చేటప్పుడు ఇంట్లో మెషీన్ ఉన్న టీవీ అరని సబ్బునీళ్లతో తుడవమని, అక్కడి గుడ్డ తీసి ఉతకమని చెప్పాను. కొన్ని వారాలకి ఆవిడ ఫోన్ చేశారు. ఎంతసేపు ఆడినా వాసన రావడం లేదట, డిస్క్ ఇబ్బంది కూడా లేదట. దగ్గు గురించి అడిగితే, డాక్టరు గారు మందు కూడా మార్చారని చెప్పారు. అందుకే ఆ విషయంలో నా పనికి ఎంత భాగం ఉందో నేను లెక్కగట్టను.

ఖర్చు సంగతి కూడా రాయాలి. పవర్ సప్లై, వైర్లు, కేసులు, చిన్న చిన్న భాగాలు, పనికూలి కలిపితే వాళ్లు మెషీన్ కొన్న ధరలో దాదాపు మూడో వంతు అయింది. మొదట్లోనే ఒక అంచనా కాగితం మీద రాసిచ్చి, వాసన నూటికి నూరు శాతం పోతుందని హామీ ఇవ్వలేనని కూడా రాశాను. కొందరికి ఈ లెక్క గిట్టదు. అలాంటప్పుడు మెషీన్ వదులుకుని డిస్కులు మాత్రం ఉంచుకోవడం మంచిదని చెబుతాను, డిస్కుల్ని బాగు చెయ్యడానికి పెద్ద ఖర్చు లేదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు వాసన కేసు ఏది వచ్చినా డబ్బా పరీక్షని రెండుసార్లు చేస్తున్నాను, చల్లగా ఒకసారి, వేడి చేసి ఒకసారి. గాలి దారిలో చివర ఉండే భాగాన్ని ముందే అనుమానిస్తున్నాను. కార్ట్రిడ్జ్ గేములకి (డిస్క్ బదులు బోర్డున్న ప్లాస్టిక్ డబ్బాలో వచ్చేవాటికి) కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. తొడుగు విప్పి సబ్బు, వెనిగర్ వరసలో కడగడం, బోర్డు అంచున ఉండే పిన్నుల్ని ఐపీఏతో తుడవడం. వాటి అట్టపెట్టెలు మాత్రం కవర్ కాగితాలంత మొండివి. పీఎస్5 విషయంలో ఒక హెచ్చరిక: దాంట్లో ప్రాసెసర్ మీద పేస్టు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కారి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. వాసన కోసమని హీట్‌సింక్ దాకా విప్పే పని ఇంట్లో పెట్టుకోవద్దు.

కొనేవాళ్లు మాత్రం అమ్మేవాళ్ల ఇంట్లోనే ఒక పెద్ద గేమ్ పెట్టించి ముప్పావు గంటైనా ఆడి చూడండి. మెషీన్ వెనక వేడి గాలి వచ్చే చోట వాసన చూడండి. ఆ గదిలోనే పొగ ఉంటే ముక్కుకి తేడా తెలియదు కాబట్టి పవర్ వైరుని కాసేపు బయటికి తీసుకెళ్లి దాన్ని వాసన చూడండి, మెత్తటి పీవీసీ అబద్ధం చెప్పదు. టార్చి వేసి గాలి రంధ్రాల్లోంచి లోపలి దుమ్ము రంగు చూడండి. బూడిదరంగులో పొడిగా ఉంటే ఫర్వాలేదు. గోధుమరంగులో అంటుకుపోయి ఉంటే పవర్ సప్లై, వైర్లు, స్పాంజిల ఖర్చు కూడా కలుపుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టండి.